పాలా పడే రాత్రి

(నూజివీడు దగ్గర మామిడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మరీ తిరగబడిన మాటలను మాత్రమే సర్దాం.)

అందరికీ నమస్కారం. మే నెలలో, ఈ ఉక్కలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని హాల్లో నిలబెట్టి నన్ను మంచు గురించి మాట్లాడమన్నారు. వింటుంటేనైనా కాస్త చల్లబడతారని కాబోలు. [నవ్వులు]

నేను పుట్టింది ఈ పక్క ఊళ్ళోనే. మా నాన్నకు నాలుగెకరాల మామిడి తోట ఉండేది. నా ఉద్యోగం మాత్రం హిమాచల్ ప్రదేశ్‌లో, సిమ్లాకు పైన, నార్కండా వైపు. ఆపిల్ తోటల మధ్య ఒక పరిశోధన కేంద్రంలో వాతావరణ పరిశీలకుడిని. పేరు పెద్దదే గానీ పని చిన్నది. పొద్దున్నే లేచి థర్మామీటర్లు చూసి పుస్తకంలో రాయాలి, వాన పడితే కొలవాలి, గాలి ఎటు వీస్తోందో చూడాలి. అంతే.

వెళ్ళిన మొదటి ఏప్రిల్‌లో ఒక ఉదయం టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఒకాయన దిగాలుగా వచ్చి బెంచీ మీద కూర్చుని "రాత్ పాలా గిరా" అన్నాడు. అప్పటికి నా హిందీ అంతంతమాత్రం. గిరా అంటే పడిందని తెలుసు. పాలా అంటే మనకు పాలే కదా! క్యాను ఒలికిపోయిందేమో అనుకుని "అయ్యో, ఎన్ని లీటర్లు?" అనడిగాను. [నవ్వులు] మీరు నవ్వారు. అక్కడ ఎవరూ నవ్వలేదు. టీ కొట్టువాడు గ్లాసు నా చేతికిచ్చి, వెళ్ళి తోట చూసి రండి సాబ్ అన్నాడు.

వెళ్ళి చూశాను. తోట నిండా పూత. తెల్లగా, కాస్త గులాబీ రంగు అంచులతో, మన కొబ్బరి మిఠాయిలా ఉంది. ఏమైందీ, బాగానే ఉంది కదా అన్నాను. ఆ రైతు ఒక పువ్వు తుంచి, గోటితో అడ్డంగా చీల్చి చూపించాడు. రేకులు తాజాగా ఉన్నాయి. నడిమధ్య, కాయ కట్టాల్సిన చోట నల్లటి చుక్క. ఇంకో పువ్వు చీల్చాడు. మళ్ళీ నల్ల చుక్క. పది పువ్వులు చీలిస్తే ఏడెనిమిదిట్లో అదే. పైకి పెళ్ళిపందిరిలా ఉన్న తోట లోపల చచ్చిపోయి ఉంది. అదండీ పాలా.

మన భాషలో దీనికి మాట లేదు. ఆకు మీద తెల్లారి కనిపించే నీటిబొట్టు మంచు. రోడ్డు మీద ఎదురు బండి కనపడనివ్వనిది మంచు, మహా అయితే పొగమంచు అంటాం. హిమాలయాల మీద ఉండేదీ మంచే. మీ తోటలో పూత మీద పడే పురుగు తేనెమంచు పురుగు. [నవ్వులు] కావ్యాల్లో తుషారం, నీహారం, ప్రాలేయం ఉన్నాయి కానీ వాటితో పొలంలో పని జరగదు. హిందీ వాడికి ఓస్ వేరు, కోహ్రా వేరు, బర్ఫ్ వేరు, పాలా వేరు. గాలిలో తేమ ఆకు మీద నీళ్ళుగా మారకుండా నేరుగా మంచు పలుకుగా గడ్డకడితే అది పాలా. ఆకు లోపలి నీరు గడ్డకట్టినా పాలా కొట్టిందనే అంటారు.

మాట లేకపోవడం లోటేం కాదు. మనకు ఆ అవసరం రాలేదు, అంతే. వచ్చిన ఒకటి రెండు చోట్ల మాట పుట్టింది కూడా. చింతపల్లి పైన లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. రాత్రి బయట ఉన్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని. కానీ లంబసింగి చలి డిసెంబరు, జనవరిలో వస్తుంది. ఎప్పుడు రావాలో అప్పుడు వచ్చే చలికి చెట్టు సిద్ధంగా ఉంటుంది, మనిషీ సిద్ధంగా ఉంటాడు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం అనుకుంటాం, మన దగ్గర పోతుంది కూడా. హిమాచల్‌లో అలా శివశివా అంటూ పోయిన చలి ఉగాది దాటాక, ఒక్కోసారి శ్రీరామనవమి కూడా దాటాక, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వస్తుంది. మీకు చెప్పాలనుకున్నది ఆ వెనక్కి వచ్చే చలి గురించే.

ఆపిల్ చెట్టు గురించి ఒక మాట చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మామిడికి చలి కొంచెం కావాలి, పూత రావడానికి. ఆపిల్‌కి చాలా కావాలి. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుంది. ఆ నిద్రలో ఏడు డిగ్రీల లోపు చలి ఇన్ని గంటలు అని లెక్క ఉంటుంది. అక్కడి రైతులు కూడా 'చిలింగ్ అవర్స్' అనే అంటారు, చదువు లేనివాళ్ళు సైతం. వాళ్ళ ప్రధాన రకం, రాయల్ అని పిలుస్తారు, రెడ్ డెలిషియస్ జాతిది, దానికి వెయ్యి గంటల పైమాటే. ఈ రెడ్ డెలిషియస్ జాతి అక్కడికి రావడం వెనక చిన్న కథ ఉంది. శామ్యూల్ స్టోక్స్ అని ఒక అమెరికా కుర్రాడు 1904లో కుష్ఠురోగుల సేవకని వచ్చి, కోట్‌గఢ్ దగ్గర స్థిరపడి, అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1916 ప్రాంతంలో అమెరికా నుంచి ఈ మొక్కలు తెప్పించి నాటాడు. తర్వాత స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళాడు, 1932లో హిందువై సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. కుల్లూ లోయలో అంతకు ముందే ఇంగ్లీషు వాళ్ళ తోటలు ఉన్నాయి కానీ ఆ పులుపు రకాలు మనవాళ్ళు తినలేదు. వినాయక చవితికి మనం పాలవెల్లికి కట్టే ఎర్ర ఆపిల్ ఉంది చూశారా, హిమాచల్ నుంచి వచ్చిందైతే దాని వంశం చాలావరకు అటే పోతుంది.

సరే. నిద్ర పూర్తయ్యాక చెట్టుకు వేడి కావాలి. ఎండ తగిలితే మొగ్గ కదులుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. మొగ్గ ఎంత గట్టిగా మూసుకుని ఉంటే అంత చలికి తట్టుకుంటుంది. అప్పుడే కొస వెండిరంగు తిరిగిన మొగ్గ మైనస్ తొమ్మిది వరకు నిబ్బరంగా ఉంటుంది. పచ్చకొస కనిపించాక మైనస్ ఎనిమిది దగ్గర్లో దెబ్బ మొదలు. గులాబీ మొగ్గ దశకు వచ్చేసరికి మైనస్ రెండు. ఇక పూర్తిగా విచ్చుకున్న పూతకు అరగంట పాటు మైనస్ 2.2 తగిలితే పదింట ఒక పువ్వు పోతుంది, మైనస్ 3.9 తగిలితే పదింట తొమ్మిది పోతాయి. ఈ రెండింటికీ మధ్య ఎంత తేడా? రెండు డిగ్రీలు కూడా లేదు. జనవరిలో మైనస్ ఏడు పడితే టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే రైతు, ఏప్రిల్‌లో మైనస్ మూడు అంటే మంచం ఎక్కడు.

ఇందులో ఊరట లేకపోలేదు. గుత్తికి అయిదారు పువ్వులుంటాయి, వాటిలో నూటికి అయిదు, పది కాయ కడితే చాలు, చెట్టు మోయగలిగినంత పంట. కాబట్టి సగం పూత పోయినా పంట రావచ్చు. కాకపోతే గుత్తి నడిమి పువ్వు, దాన్ని 'కింగ్ బ్లూమ్' అంటారు, అది ముందు విచ్చుకుంటుంది. పెద్ద కాయ దానికే వస్తుంది. ముందు విచ్చుకుంది గనక పాలాకు ముందు దొరికేదీ అదే. మిగిలిన పువ్వులు కాయ కట్టినా సైజు రాదు. ఒక్కోసారి చలి తగిలిన పిందె బతికి కాయవుతుంది కానీ నడుము చుట్టూ గరుకు పట్టీ వేసుకుని వస్తుంది, మొలతాడు కట్టినట్టు. మార్కెట్లో దాని రేటు సగానికి పడిపోతుంది. మంగు పట్టిన మామిడికి ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతికి వద్దాం.

వసంతంలో ఆ కొండల మీద వాతావరణం మన అకాల వర్షాల లాంటిదే కానీ దానికి ఒక వరస ఉంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి అల్పపీడనాలు ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా తూర్పుకి వస్తాయి. రేడియోలో 'పశ్చిమ అవాంతరాలు' అని వింటుంటారు, అవే. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి ఉరికే గాలి ప్రవాహం ఉంది, జెట్ స్ట్రీమ్ అంటారు. ఇవి దాని వెంట కొట్టుకొస్తాయి. చలికాలమంతా ఆ ప్రవాహం హిమాలయాలకు దక్షిణంగా ఉంటుంది. ఎండలు ముదిరి రుతుపవనాలు వచ్చే వేళకు ఉత్తరానికి జరిగిపోతుంది. ఏప్రిల్, మే అంటే అది అటా ఇటా అని తేల్చుకోని రోజులు. అద్దెకున్నవాడు సామాను సగం సర్ది, ఇంకో నెల ఉంటానన్నట్టు.

ఒక అవాంతరం వచ్చేముందు రెండు రోజులు వెచ్చగా ఉంటుంది. ఆకాశంలో ఎత్తున పల్చని మబ్బు పరుచుకుంటుంది. తర్వాత వాన, ఉరుములు, ఎత్తున్న చోట హిమపాతం. రైతులు ఆ రోజు తిట్టుకుంటారు కానీ పెద్దగా భయపడరు. మబ్బున్నంత సేపు నేల వేడి పైకి పోదు, కప్పుకున్న రగ్గులా అడ్డు ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం వాన వెలుస్తుంది. వాయవ్యం నుంచి పొడిగాలి కొట్టి ఆకాశం కడిగినట్టు అవుతుంది. సాయంత్రానికి ఆ గాలి కూడా ఆగిపోతుంది. దూరంగా మంచు శిఖరాలన్నీ కనిపిస్తాయి. అప్పుడు సిమ్లా నుంచి వచ్చిన టూరిస్టులు ఆహా అని ఫోటోలు తీసుకుంటుంటే, తోట రైతు కర్రలు పోగేస్తుంటాడు. [నవ్వులు]

ఎందుకంటే అసలు ప్రమాదం తుఫానులో లేదు, అది వెళ్ళిపోయిన రాత్రిలో ఉంది. మబ్బు లేదు, నేల వేడి ఆకాశంలోకి పోతుంది. గాలి లేదు, పైనున్న వెచ్చటి గాలి కిందికి కలవదు. తేమ లేదు. తేమ ఉంటే మంచు పడుతున్నప్పుడు కొంత వేడి విడుదలై చలికి కళ్ళెం వేస్తుంది, ఇక్కడ అదీ లేదు. గాలి మరీ పొడిగా ఉంటే తెల్లటి పాలా కూడా కనిపించదు. ఆకు మీద ఏమీ ఉండదు, లోపల గడ్డ కట్టేస్తుంది. దాన్ని నల్ల పాలా అంటారు, తెల్లదానికంటే ఇదే ఎక్కువ భయం. ఆకాశం నిండా చుక్కలు, కుక్క మొరగదు, ఆకు కదలదు. అంత అందమైన రాత్రిని ద్వేషించడం నేను అక్కడే నేర్చుకున్నాను.

ఇంకో సంగతి, ఇది నా తప్పు గురించి. చల్లగాలి బరువు. నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. వాలు మీద నుంచి జారి లోయ అడుగున, గుంటలో, అడ్డుగోడ వెనక నిలుస్తుంది. మామూలు లెక్క ప్రకారం కొండ ఎక్కేకొద్దీ కిలోమీటరుకు ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడాలి. పాలా రాత్రి లెక్క తలకిందులు. అడుగున గడ్డకడుతుంటే నడి వాలు మీద నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. అక్కడి పాత ఇళ్ళు చూడండి, నది పక్కన చదును నేల ఉన్నా వదిలేసి వాలు మధ్యలో కట్టుకున్నారు. వరద భయం, పొలం వృథా కాకూడదనుకోవడం లాంటి కారణాలు చాలా ఉండొచ్చు, కానీ నాకు మాత్రం ఇది గుర్తొస్తుంది.

మా పరిశీలన కేంద్రం వాలు మీద ఉండేది. థర్మామీటర్లు తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో, నాలుగడుగుల పైన ఉంటాయి. ఒక ఏప్రిల్ సాయంత్రం కింది ఊరి పెద్దాయన ఒకరు వచ్చి, బాబూజీ, ఈ రాత్రి ఎలా ఉంటుందన్నారు. నేను చార్టులూ గట్రా చూసి, అంతకు ముందు రాత్రులు చూసి, మూడు డిగ్రీల కంటే పడదు, నిశ్చింతగా పడుకోండి అన్నాను. తెల్లారి పెట్టె తెరిస్తే సరిగ్గా 2.8. నా అంచనాకు నేనే మురిసిపోయాను. పదింటికి పెద్దాయన కొడుకు వచ్చాడు. వాళ్ళ తోట మా కేంద్రానికి రెండు వందల అడుగుల కింద, వాగు మలుపు తిరిగే చోట గుంటలో ఉంది. తోట చివర రాతిగోడ. జారిన చల్లగాలి ఆ గోడకు తగిలి నిలిచిపోయింది. అడుగు మూడు మళ్ళలో పూత మొత్తం నల్లబడింది.

నా రీడింగు తప్పు కాదు. అది నా పెట్టె లోపలి గాలి సంగతి చెప్పింది, ఆయన పువ్వు సంగతి చెప్పలేదు. నిర్మలమైన రాత్రి గడ్డి మీద పెట్టిన థర్మామీటరు, పెట్టెలో దానికంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ చూపించడం మామూలే. ఆకాశం వైపు తెరుచుకున్న రేకు దాని చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లగా ఉంటుంది. ఇదంతా నేను చదువుకున్నవాడినే, పరీక్షలో రాశాను కూడా. కానీ ఆ సాయంత్రం ఆయన అడిగింది తన తోట గురించి, నేను చెప్పింది నా పెట్టె గురించి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. వాతావరణ బీమా ఉన్నవాళ్ళు కూడా ఇదే చిక్కులో పడతారు. స్టేషన్ ఒక చోట, తోట ఇంకో చోట. స్టేషన్‌లో గడ్డకట్టకపోతే కాగితం మీద నష్టం జరగనట్టే.

మరి కాపాడుకునే దారేమీ లేదా అని మీరడుగుతారు. ఉన్నాయి, కొన్ని పని చేస్తాయి, కొన్ని మన మనశ్శాంతికి. మంటలు వేస్తారు. కత్తిరించిన కొమ్మలు, గడ్డి అక్కడక్కడా కుప్పలు పోసి రాత్రి రెండింటి నుంచి వెలిగిస్తారు. చాలామంది పొగ కాపాడుతుందనుకుంటారు. నేల నుంచి పోయే వేడిని ఆపడం పొగ వల్ల పెద్దగా కాదు, కాపాడేది మంట వేడే. అందుకని ఒక పెద్ద మంట కంటే యాభై చిన్న మంటలు మేలు. పెద్దది వేస్తే ఆ వేడి గాలి నిట్టనిలువుగా పైకి పోతుంది, పక్కనుంచి ఇంకా చల్లగాలిని లాక్కుంటుంది. ఫ్రాన్సులో ద్రాక్షతోటల్లో వరసల మధ్య వందల కొవ్వొత్తులు వెలిగిస్తారు, దీపావళిలా ఉంటుంది చూడ్డానికి. ఆల్ప్స్ కొండల్లో, ఇటలీ ఉత్తరాన ఆపిల్ పండించే లోయల్లో ఇంకో పద్ధతి ఉంది. పూత మీద రాత్రంతా నీళ్ళు చల్లుతారు. [సభలో ఎవరో ఏదో అన్నారు] అవునండీ, గడ్డకట్టే రాత్రి నీళ్ళే! నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 80 క్యాలరీల వేడి వదులుతుంది. పువ్వు మీద మంచు పెంకు కడుతూ ఉన్నంత సేపు లోపల సున్నా దగ్గరే నిలుస్తుంది, ఇంకా కిందికి దిగదు. తెల్లారి ఎండలో అద్దంలో పెట్టిన పూలలా మెరుస్తుంటాయి. కానీ మధ్యలో మోటారు ఆగిందా, కథ అడ్డం తిరుగుతుంది. అదే నీరు ఆవిరైతే గ్రాముకు ఆరు వందల క్యాలరీల దాకా లాక్కుంటుంది. చల్లకపోయి ఉంటే బతికేదేమో, చల్లి ఆపేస్తే చస్తుంది. మన కరెంటు నమ్ముకుని ఈ పని మొదలుపెట్టే ధైర్యం మీలో ఎంతమందికి ఉందో చేతులెత్తండి. [నవ్వులు]

హిమాచల్‌లో చిన్న కమతాలు, ఏటవాలు మళ్ళు, ఏప్రిల్‌లో నీళ్ళే తక్కువ. అందుకని అది అక్కడ పెద్దగా సాగదు. ఖర్చు లేనివి రెండున్నాయి. చెట్ల కింద గడ్డి కోసేసి, ముందు రోజు నేలను తడపడం. తడి నేల పగలు వేడి దాచుకుని రాత్రి వదులుతుంది, గడ్డి ఉంటే ఆ వేడి పైకి రాదు. రెండోది, గోడకు అడుగున కంత పెట్టడం. చల్లగాలికి తూము అన్నమాట. మన వాళ్ళు నీటికి పెట్టినట్టే.

నిజం చెప్పాలంటే ఏడాది ఏడాదికీ అక్కడ ఎక్కువ దెబ్బ తీసేది పాలా కూడా కాదు. వడగళ్ళు ఒకటి. నేల వేడెక్కి, పైన అవాంతరం తెచ్చిన చల్లగాలి ఉంటే మధ్యాహ్నానికి మబ్బు కోటలా లేస్తుంది. కొండ మీద, గడ్డకట్టే ఎత్తు నేలకు దగ్గర, వడగల్లు కరగడానికి దారి చాలదు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లబడిన వీడియోలు మీరంతా చూసే ఉంటారు. అక్కడ అది ప్రతి వసంతంలో ఎక్కడో ఒక చోట ఉండేదే. తోటల మీద వలలు కడతారు. 2010 ప్రాంతంలో వడగళ్ళ మబ్బును పేల్చే తుపాకులని తెచ్చి బిగించారు కూడా. ఢాం అని మోగుతుంటే రైతుకు ఏదో చేస్తున్నామన్న తృప్తి. అవి మబ్బును మారుస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదు, నేను ఈ మాట అక్కడ అంటే టీ ఇవ్వడం మానేశారు. [నవ్వులు]

రెండోది ఎవరూ వార్తల్లో రాయనిది. చలివాన. పాలా పడదు, వడగళ్ళు పడవు, అయిదారు రోజులు సన్నగా వాన, ఎనిమిది డిగ్రీల చలి. రాయల్ చెట్టు తన పుప్పొడితో తాను కాయ కట్టదు, పక్కన గోల్డెన్ లాంటి వేరే రకం ఉండాలి, తేనెటీగ అటూ ఇటూ తిరగాలి. పది, పన్నెండు డిగ్రీల లోపు ఈగ గూడు దాటి రాదు. పాత ఇళ్ళ గోడల్లోనే ఈగలకు గూళ్ళు ఉంటాయి అక్కడ, చెవి పెడితే లోపల గుయ్‌మని వినిపిస్తుంది. అద్దెకు తెచ్చిన పెట్టెలు కూడా ఉంటాయి. లోపల ఈగలు, బయట పూలు, మధ్యలో వాన. పువ్వు ఎదురుచూసేది కొద్ది రోజులే. తర్వాత పచ్చగా ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు కాయ ఉండదు. పాలా పడితే నష్టం తెల్లారే తెలుస్తుంది. ఇది తెలియడానికి నెల పడుతుంది.

వాతావరణం వేడెక్కుతోంది కదా, ఇక ఈ చలి బెడద తగ్గుతుంది కదా అని అక్కడ నన్ను చాలామంది అడిగారు. తగ్గాల్సిందే. కానీ చెట్టు కూడా క్యాలెండర్ చూడదు, ఎండే చూస్తుంది. 2022 మార్చి మన దేశంలో 1901 నుంచి ఉన్న లెక్కల్లో, పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు చూస్తే, అన్నిటికంటే వేడి మార్చి. 2023 ఫిబ్రవరి కూడా ఫిబ్రవరుల్లో అలాంటి రికార్డే, ఆ ఏడే మే నెల ఉత్తరాదిన వానలతో చల్లగా గడిచింది. ఫిబ్రవరిలో వేసవి, మేలో చలి. వేడికి మొగ్గ పది పదిహేను రోజులు ముందు లేస్తుంది. లేచాక వచ్చే చలి పాత రోజుల చలి కంటే ఎక్కువేం కాదు, మామూలుదే. మామూలు చలికే చస్తుంది, ముందు లేచింది గనక. 2021లో ఫ్రాన్సులో జరిగింది ఇదే. మార్చి చివర ఎండ కాసింది, ఏప్రిల్ మొదటి వారం దాటుతుండగా గడ్డకట్టింది, ద్రాక్ష, ఆప్రికాట్ తుడిచిపెట్టుకుపోయాయి. శాస్త్రవేత్తలు లెక్కగట్టి, అలాంటి దెబ్బకు అవకాశం భూతాపం వల్ల దాదాపు 60 శాతం పెరిగిందన్నారు. అదే నెల నాలుగో వారంలో సిమ్లా పైన తోటల్లో పూత మీద హిమపాతం. వడగళ్ళకని కట్టిన వలల మీద మంచు పేరుకుని, ఆ బరువుకి వలలతో పాటు కొమ్మలూ విరిగాయి. ఒక గండానికి కట్టిన గొడుగు ఇంకో గండానికి ఉరితాడైంది.

పైగా జెట్ ప్రవాహం ఉత్తరానికి జరగడం ఆలస్యమవుతోందని, వసంతం చివర, వేసవిలో అవాంతరాలు పెరిగాయని 2024లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ యూనివర్సిటీ పరిశోధన చెప్పింది. జూన్‌లో వచ్చేవి గత 20 ఏళ్ళలో, అంతకు ముందు 50 ఏళ్ళతో పోలిస్తే రెట్టింపయ్యాయట. అద్దెవాడు ఖాళీ చేయడం లేదు.

రైతులు కొండెక్కుతున్నారు. కుల్లూ కింది భాగంలో ఆపిల్ తీసేసి దానిమ్మ వేశారు. ఒకప్పుడు చలి ఎక్కువని ఆపిల్ వేయని లాహౌల్ వైపు ఇప్పుడు తోటలున్నాయి. ఇంకో పక్క తక్కువ చలితో కాసే రకాలు. బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ ఎంపిక చేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 మన ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం దాకా వచ్చి కాసింది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఒకరిద్దరు ఇంటి వెనక నాటారని కూడా నాకు తెలుసు, కాయ చూపించమంటే మాట మారుస్తున్నారు. [నవ్వులు]

ప్రశ్న: మన మామిడికి ఇందులో పనికొచ్చేదేమైనా ఉందా అండీ?

పాలా మనకు రాదు, ఆ మంటలూ కొవ్వొత్తులూ మనకు అక్కర్లేదు. ఒకటి మాత్రం చేయండి. మీ తోటలో అన్నిటికంటే పల్లంలో ఉన్న చెట్టుకు ఒకటి, మెరకలో ఉన్న చెట్టుకు ఒకటి, రెండు థర్మామీటర్లు కట్టండి. ఎండ నేరుగా తగలకుండా చూడండి. జనవరిలో పూత వేళ తెల్లవారుజామున రెండూ చూసి గోడ మీద రాయండి. పొగమంచు ముందు ఎక్కడ దిగుతుందో, ఎక్కడ ఆలస్యంగా విడుస్తుందో కూడా. ఏ మూల బూడిద తెగులు ముందు వస్తోందో దాని పక్కనే రాయండి. రెండేళ్ళు రాస్తే, ఫోన్లో వచ్చే అంచనాకు మీ తోట ఎంత తేడాగా ఉంటుందో మీకే తెలుస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. నాబోటి వాణ్ణి అసలే అడగక్కర్లేదు.

ఆ పెద్దాయనకూ అదే చేశాను. ఆ నష్టం జరిగిన వారానికి రెండు థర్మామీటర్లు కొని తీసుకెళ్ళి ఒకటి గోడ పక్క చెట్టుకు, ఒకటి ఇంటి దగ్గర చెట్టుకు కట్టాను. గోడకు అడుగున కంత కొట్టించాం. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నేను రిటైరై ఇక్కడికి వచ్చేశాను. కొడుకు తోట చూసుకుంటున్నాడు. ఇప్పటికీ ఏప్రిల్‌లో వాన వెలిసిన రాత్రి రెండింటికో మూడింటికో నా ఫోన్ మోగుతుంది. మా ఆవిడకు అలవాటై, ఆవిడే ఎత్తి నా చెవి దగ్గర పెడుతుంది. అటు నుంచి నమస్కారం కూడా ఉండదు. "కింద మైనస్ ఒకటి, పైన రెండున్నర, గాలి లేదు" అంటాడు. మంటలు వేశావా అంటాను. వేశానంటాడు. ఇక్కడేమో ఫ్యాన్ కింద చెమటలు. ఇంకో గంటకు మళ్ళీ చెయ్యమని ఫోన్ పెట్టేస్తాను, తెల్లారేదాకా ఇద్దరికీ నిద్ర ఉండదు.